ఏడుపు వినిపించని బిడ్డలు

మూడో నెల దాకా బొద్దుగా పెరిగిన పసివాడు ఉన్నట్టుండి పాలు మానేసేవాడు. గొంతు పోయేది. కొన్ని గంటల్లో అంతా అయిపోయేది. జబ్బుకు పేరు లేదు, నింద మాత్రం తల్లికి దక్కేది. ఒకప్పుడు మన కోస్తా జిల్లాల్లో ఉయ్యాలలు ఖాళీ చేసిన ఆ జబ్బుకు మందు ఎక్కడో లేదు, పెరట్లో గేదె ముందున్న కుడితి గోలెంలోనే ఉంది. అది తెలుసుకోవడానికి దారి చూపినవారిలో నెల్లూరులో పుట్టిన ఒక పిల్లవాడూ ఉన్నాడు.

"అత్తా, ఒక్కసారి ఇలా వచ్చి వీణ్ణి చూడు. ఏడుస్తున్నాడు గానీ గొంతు రావట్లేదు."

వంటింట్లోంచి అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నులకమంచం మీద మూడు నెలల పిల్లవాడు. నోరంతా తెరిచాడు. మొహం కందగడ్డలా ఎర్రబడింది. డొక్కలు ఎగిసెగిసి పడుతున్నాయి. గుక్కపట్టి ఏడుస్తున్నాడని చూస్తేనే తెలుస్తోంది. చెవికి మాత్రం చిన్న బొంగురు చప్పుడు తప్ప ఏమీ వినిపించట్లేదు.

"పాలు తాగాడా?"

"పొద్దున్నుంచీ రొమ్ము పట్టట్లేదు. పట్టినా ఒక గుక్క తాగి కక్కేస్తున్నాడు. నిన్న రాత్రంతా ఇదే వరస."

"దిష్టి తగిలింది. మంగళవారంపూట వాకిట్లోకి తీసుకెళ్ళకే అంటే విన్నావా?"

ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశారు. మంత్రసానిని పిలిపించారు. ఆమె వచ్చి బిడ్డ పొట్ట నొక్కి చూసి, వస అరగదీసి నాలుకకు రాసింది. మధ్యాహ్నానికి పెదవులు నీలం తిరిగాయి. ఊపిరి తీసుకోవడానికే పిల్లవాడు ఆయాసపడుతున్నాడు. తండ్రి బండి కట్టాడు. పట్నంలో డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే కాలవ గట్టు మీదుగా రెండు గంటల ప్రయాణం. బండి ఊరు దాటకముందే పిల్లవాడి తల తల్లి భుజం మీద వాలిపోయింది.

మర్నాడు ఇంటికొచ్చిన ఆడవాళ్ళలో ఎవరో అన్నారు: "దాని పాలు మంచివి కావు. తొలిచూలు బిడ్డా ఇలాగే పోయాడుగా."

ఆ తల్లి ఏమీ అనలేదు. నెలరోజులుగా తన అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని, మెట్టు ఎక్కుతుంటే పిక్కలు పట్టేస్తున్నాయని ఆమె అత్తగారికి రెండుసార్లు చెప్పింది. "బాలింత ఒళ్ళు, అలాగే ఉంటుంది" అన్నారు. బిడ్డకు వచ్చిన జబ్బుకు అదే తొలి సూచన. దాన్ని ఎవరూ గుర్తించలేదు. గుర్తించగల చదువు అప్పటికి ఆ ఊరి దరిదాపుల్లో లేదు.

ఈ తల్లి ఫలానా ఆమె అని చెప్పలేం. ఆనాటి వైద్యులు రాసిపెట్టిన రోగ లక్షణాలను, మన ఇళ్ళలోని ఆచారాలను కలిపి చేసిన పునర్నిర్మాణం ఇది. కాలం 1930ల చివర. ఊరు తణుకు చుట్టుపక్కల ఏదైనా కావచ్చు. కొల్లేటి లంకల నుంచి గోదావరి గట్టు దాకా, అక్కణ్ణుంచి విశాఖ తీరం దాకా ఇలాంటి గడపలు ఎన్నో. పేరు లేకపోయినా ఈ తల్లి బాధ కల్పన కాదు.

పేరు లేని జబ్బుకు వంద పేర్లు

జబ్బేమిటో తెలియనప్పుడు మనుషులు ఊరుకోరు. ఏదో ఒక కారణం వెతుక్కుంటారు. బాలారిష్టం అన్నారు. బాలపాపచిన్నె అన్నారు. గాలి సోకిందన్నారు. సంధి కొట్టిందన్నారు. పుట్టిన నక్షత్రాన్ని తప్పుపట్టారు. ఇవన్నీ అయ్యాక మిగిలేది తల్లి ఒక్కతే. బిడ్డ నోట్లోకి పోయేది ఆమె పాలే కాబట్టి తప్పు ఆమెదే అయ్యేది.

వరసగా బిడ్డలు పోయిన ఇళ్ళలో మరో ఆచారం ఉండేది. పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద కాసేపు పడుకోబెట్టి తిరిగి తెచ్చుకునేవారు. ఆ బిడ్డ పెంటయ్య అయ్యేవాడు. లేదా చేటలో పెట్టి పొరుగింటావిడకు ఇచ్చేసి, కాసిని తవుడు పోసి తిరిగి కొనుక్కునేవారు. విలువలేని వస్తువని అనుకుని మృత్యువు వదిలేస్తుందని నమ్మకం. ఉత్తరాంధ్రలో ఇప్పటికీ వినిపించే తవిటయ్య, తవిటమ్మ, తవిటినాయుడు అనే పేర్లు అలా వచ్చినవే.

బిడ్డ ప్రాణానికి బదులుగా తవుడు ఇచ్చారు ఆ తల్లులు. బిడ్డను నిజంగా కాపాడగలిగిన పదార్థం ఆ తవుడులోనే ఉందని వాళ్ళకు చెప్పేవారు లేరు.

మర వచ్చింది, రోకలి మూలకు చేరింది

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టా వరి గాదెగా మారింది. అన్నానికి కొదవలేని సీమ ఇది. అలాంటి చోట తిండిలో లోపం వల్ల పసిపిల్లలు చనిపోతున్నారంటే నమ్మడం కష్టం. కడుపు నిండటం వేరు, ఒంటికి కావలసినది అందటం వేరు. ఈ తేడా తెలియడానికి ప్రపంచానికే చాలా ఏళ్ళు పట్టింది.

అంతకుముందు ధాన్యాన్ని ఇంట్లోనే దంచుకునేవారు. రోట్లో పోసి, ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి రోకళ్ళతో పోటు వేసేవారు. ఊక ఊడేది గానీ గింజ మీది పొర పూర్తిగా పోయేది కాదు. బియ్యం కాస్త ఎర్రగా, ముతకగా ఉండేవి. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో డెల్టా పట్టణాలకు రైసు మిల్లులు వచ్చాయి. మరలో పోసిన ధాన్యం మల్లెపువ్వులాంటి బియ్యమై బయటికొచ్చింది. ఆడవాళ్ళ రెక్కల కష్టం తగ్గింది. తెల్లన్నం తినడం గొప్ప అయింది. గింజ మీది పొర అంతా తవుడుగా విడిపోయింది. ఆ తవుడు గేదెలకు పోయింది.

పోయిందేమిటో అంకెల్లో చూద్దాం. జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల దంపుడు పచ్చిబియ్యంలో థయామిన్ అనే బి1 విటమిన్ 0.21 మిల్లీగ్రాములు ఉంటుంది. మరపట్టిన పచ్చిబియ్యంలో 0.06 మాత్రమే. అదే 100 గ్రాముల తవుడులో 2.7 మిల్లీగ్రాములు. అంటే తెల్లబియ్యంలో ఉన్నదానికి 45 రెట్లు. పాలిచ్చే తల్లికి రోజుకు సుమారు 2 మిల్లీగ్రాములు కావాలి. ఆమె అరకిలో తెల్లబియ్యం వండుకు తిన్నా అందేది 0.3.

అదీ పూర్తిగా అందదు. బియ్యం రెండు మూడుసార్లు కడిగితే విటమిన్ నీళ్ళలో కరిగిపోతుంది. గంజి వారిస్తే ఇంకొంత పోతుంది. మన ఇళ్ళలో ఆ కడుగు, గంజి, తవుడు అన్నీ చేరేది ఒకచోటికే, కుడితి గోలెంలోకి. గేదె ఆరోగ్యంగానే ఉండేది.

దీనికి తోడు బాలింత పథ్యం. పురుడు వచ్చాక నెలల తరబడి ఆకుకూర వద్దు, ఆ పప్పు వద్దు, ఈ దుంప వద్దు అని కట్టడి చేసిన ఇళ్ళలో తల్లి కంచంలో మిగిలేది తెల్లన్నం, కారం. థయామిన్‌ను ఒళ్ళు ఎక్కువగా దాచుకోలేదు. రెండు మూడు వారాలు అందకపోతే నిల్వ అడుగంటుతుంది. తల్లి ఒంట్లో లేనిది పాలలోకి రాదు. తల్లికి తిమ్మిర్లతో సరిపోయిన లోటు, వేగంగా పెరిగే పసిగుండెకు, పసిమెదడుకు ప్రాణాంతకమవుతుంది.

మరి పక్కనే ఉన్న తమిళ జిల్లాల్లో, మలబారులో ఇంత బాధ ఎందుకు లేదు? వాళ్ళూ అన్నమే తింటారు, మిల్లులూ ఉన్నాయి. తేడా ఒక్కటే. అక్కడ ఎక్కువమంది తినేది ఉప్పుడు బియ్యం. ధాన్యాన్ని నానబెట్టి, ఆవిరి పట్టి, ఎండబెట్టి ఆ తరవాత మరకు వేస్తారు. అలా ఉడికినప్పుడు పై పొరలోని విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. అందుకే మరపట్టిన ఉప్పుడు బియ్యంలోనూ 0.21 మిల్లీగ్రాములు నిలుస్తుంది. మన ఉత్తర సర్కారు జిల్లాలు పచ్చిబియ్యం తినే నేల. జబ్బు సరిగ్గా ఆ మేరకే పరుచుకుంది.

నెల్లూరులో పుట్టి, మనీలాలో మేల్కొని

1886 ఫిబ్రవరి 16న నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ దంపతులకు ఒక కొడుకు పుట్టాడు. పేరు రాబర్ట్ విలియమ్స్. బాల్యం తెలుగుదేశంలో గడిచింది. పదేళ్ళ వయసులో కుటుంబంతో అమెరికా చేరాడు. షికాగో విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చదివి, ఉద్యోగం కోసం ఫిలిప్పీన్స్ వెళ్ళాడు.

1910. మనీలాలోని సైన్సు బ్యూరో. అమెరికా సైన్యంలో వైద్యుడైన ఎడ్వర్డ్ వెడ్డర్ తవుడు నుంచి తీసిన గోధుమరంగు కషాయం సీసాలో పట్టుకొచ్చాడు. ఆ దేశంలో తల్లిపాలు తాగే పసిపిల్లలు గొంతు పోయి చనిపోతున్నారు. సరిగ్గా మన డెల్టా పిల్లల్లాగే. చావుకు దగ్గరైన ఒక పసిబిడ్డ నోట్లో వెడ్డర్ ఆ కషాయం చుక్కలు చుక్కలుగా వేశాడు. కొద్ది గంటల్లో బిడ్డ తేరుకుంది. 24 ఏళ్ళ విలియమ్స్ దాన్ని కళ్ళారా చూశాడు.

"ఇందులో బిడ్డను బతికించినది ఏమిటో నువ్వు కనిపెట్టాలి." వెడ్డర్ ఆ కుర్రవాడికి అప్పగించిన పని సారాంశం ఇది. దాన్ని పూర్తిచేయడానికి విలియమ్స్‌కు 26 ఏళ్ళు పట్టింది.

అప్పటికే జావాలో క్రిస్టియాన్ ఐక్‌మన్ తెల్లన్నం తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోతున్నాయని, తవుడు పెడితే లేస్తున్నాయని చూపించాడు. తరవాత 1929లో నోబెల్ బహుమతి ఆయన్ను వరించింది. జపాన్‌లో హిరోటా 1898లోనే తల్లికి బెరిబెరి, అంటే ఈ బి1 లోటు జబ్బు, ఉంటే ఆమె పాలు తాగే బిడ్డకూ జబ్బు వస్తోందని రాశాడు. 1912లో మనీలాలో ఆండ్రూస్ అనే వైద్యుడు బిడ్డలను పోగొట్టుకున్న తల్లుల పాలను కుక్కపిల్లలకు పట్టించి చూశాడు. వాటికీ అవే లక్షణాలు వచ్చాయి. పాలలో ఏదో విషం చేరిందా, లేక ఉండవలసినది లేదా? వాదం చాలాకాలం నడిచింది. విషమని నమ్మినచోట వైద్యులు చేసిన పని తల్లిపాలు మాన్పించడం. కొందరు బిడ్డలు దాంతో బతికారు. కానీ పోతపాలు కొనలేని ఇంట్లో ఆ సలహా మరో చావుకు దారి.

విలియమ్స్ విషం కోసం వెతకలేదు, లోటు కోసం వెతికాడు. అమెరికా తిరిగి వెళ్ళి టెలిఫోన్ సంస్థ బెల్ ప్రయోగశాలల్లో రసాయన విభాగం చూసుకుంటూ, ఖాళీ వేళల్లో, ఎక్కువకాలం సొంత ఖర్చుతో తవుడు మీద పనిచేశాడు. టన్నుల కొద్దీ తవుడు వడకడితే చేతికొచ్చే స్ఫటికాలు గ్రాముల్లోనే ఉండేవి. 1933 నాటికి పరిశోధనకు సరిపడా విటమిన్‌ను వేరుచేయగలిగాడు. 1936లో దాని నిర్మాణం తేల్చి, ప్రయోగశాలలోనే తయారుచేశాడు. థయామిన్ అన్న పేరు పెట్టిందీ ఆయనే. ఇక తవుడు కోసం వెతుక్కోనక్కర్లేదు, మందు సూదిలోకి ఎక్కింది. పేటెంటు మీద వచ్చిన డబ్బులో పెద్ద భాగాన్ని ఆయన పేద దేశాల్లో తిండిలోపం జబ్బులను ఎదిరించే నిధికి మళ్ళించాడు. 1940ల చివర ఫిలిప్పీన్స్‌లోని బతాన్‌లో విటమిన్ కలిపిన బియ్యం పంచితే బెరిబెరి చావులు బాగా పడిపోయాయి.

నెల్లూరులో కళ్ళు తెరిచిన మనిషి మన తీరంలోని తల్లుల ప్రశ్నకు జవాబు కనిపెట్టాడు. జవాబు మన తీరానికి చేరడమే మిగిలింది.

కూనూరు నుంచి లెక్కల పుస్తకం

1918లో నీలగిరుల్లోని కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఒక్క గదిలో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు బెరిబెరి విచారణ విభాగం మొదలుపెట్టాడు. ఆ గదే పెరిగి పెరిగి పోషకాహార పరిశోధనశాల అయింది. 1958లో హైదరాబాదుకు తరలింది. ఇవాళ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. అంత పెద్ద సంస్థ పుట్టుకకు కారణం బెరిబెరి అన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

మెక్‌కారిసన్ తరవాత 1935లో డైరెక్టరుగా వచ్చిన వాలెస్ ఐక్రాయిడ్, ఆయన సహచరుడు బి.జి. కృష్ణన్ ఒక కొత్త పని చేశారు. ఆసుపత్రిలో రోగుల కోసం ఎదురుచూడలేదు. ఎందుకంటే ఈ పిల్లలు ఆసుపత్రికి చేరరు, దారిలోనే పోతారు. వాళ్ళు జనన మరణాల లెక్కలు తీసి, పసిపిల్లలు ఏ నెలలో ఎందరు పోతున్నారో విడదీసి చూశారు.

మామూలుగా శిశుమరణాలు మొదటి నెలలో ఎక్కువ. ఆ గండం గడిచాక నెలనెలా తగ్గుతూ పోవాలి. మద్రాసు రాష్ట్రంలోని బెరిబెరి ప్రాంతంలో, అంటే మన తెలుగు తీరంలో, ఆ మరణాల గీత మధ్యలో మళ్ళీ లేచింది. పుట్టుక గండం దాటి, ఊపిరి పోసుకుని, నవ్వడం నేర్చుకున్న పిల్లలు ఆ తరవాతి నెలల్లో చనిపోతున్నారు. 1941లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ఈ సంగతి అచ్చయింది.

బాలారిష్టం అని ఊళ్ళు అనుకున్నది కాగితం మీద గీతై నిలబడింది. నక్షత్రం ఒక జిల్లాను, ఒక రకం బియ్యాన్ని చూసి దెబ్బ తీయదు. తల్లి పాలు చెడ్డవి కావు. తల్లికి పెట్టిన తిండి చాలలేదు.

సూది వేసిన పూట

ఇప్పుడు ఆ మొదటి దృశ్యంలో ఒక్క సంగతి మార్చి చూద్దాం. బండి వేళకు ఆసుపత్రికి చేరింది. అక్కడి డాక్టరుకు ఈ జబ్బు తెలుసు.

ఆయన బిడ్డను చూడకముందే తల్లిని అడుగుతారు. "అమ్మా, నీకు కాళ్ళు తిమ్మిర్లు వస్తున్నాయా? ఏం తింటున్నావు? గంజి వారుస్తారా?" ఆమె తడబడుతూ చెబుతుంది. ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్నలవి. డాక్టరు బిడ్డ గుండె వింటారు, కాలేయం వాచిందేమో చూస్తారు, థయామిన్ సూది వేస్తారు. తెల్లవారేసరికి ఆయాసం తగ్గుతుంది, పెదవులకు రంగు వస్తుంది, బిడ్డ రొమ్ము పట్టుకుంటుంది. గొంతు తిరిగి రావడానికి మాత్రం కొంత ఎక్కువ కాలం పడుతుంది.

వైద్యశాస్త్రంలో ఇంత త్వరగా ఫలితమిచ్చే మందులు బహుతక్కువ. చావు అంచున ఉన్న పసివాడు గంటల్లో తేరుకోవడాన్ని ఈ జబ్బును చూసిన వైద్యులందరూ దాదాపు ఒకే రకంగా వర్ణించారు. జబ్బు పేరు తెలిసినచోటే అది సాధ్యమైంది. పేరు తెలియనిచోట అదే బిడ్డ, అదే సాయంత్రం పోయాడు.

ఈ జబ్బు అన్ని వయసుల్లోనూ ఒకేలా కనిపించదు. అదే అసలు చిక్కు. రెండు మూడు నెలల్లో గుండె ఉబ్బుతుంది. ఇంకొంచెం పెద్దయితే గొంతు పోతుంది. ఏడెనిమిది నెలల పిల్లలకు కళ్ళు అదురుతాయి, మూర్ఛలు వస్తాయి, మెదడువాపులా అనిపిస్తుంది. 1964లో రావు, సుబ్రహ్మణ్యం అనే పరిశోధకులు తల్లిపాలలోని థయామిన్‌కు, పసిపిల్లల మూర్ఛలకు ఉన్న సంబంధాన్ని పరిశీలించి ప్రచురించారు. ఒకే లోటు మూడు రూపాల్లో వస్తే ముగ్గురు వైద్యులు మూడు పేర్లు పెట్టే ప్రమాదం ఉంది.

మాట రాని పిల్లలు

పాత సంగతి కదా అని పక్కన పెట్టడానికి లేదు.

2003 నవంబరులో ఇజ్రాయెల్‌లో కొందరు పసిపిల్లలు వాంతులతో, కళ్ళు నిలపలేక, మూర్ఛలతో ఆసుపత్రుల్లో చేరారు. తొలుత ఏ పరీక్షకూ అంతు చిక్కలేదు. చివరికి వాళ్ళంతా ఒకే కంపెనీ సోయా పాలపొడి తాగారని తేలింది. జర్మనీలో తయారై రెమెడియా పేరుతో అమ్ముడైన ఆ డబ్బాల్లో థయామిన్ ఉండవలసినంత లేదు. కొందరు బిడ్డలు చనిపోయారు, మరికొందరికి శాశ్వత లోపాలు మిగిలాయి.

దానికన్నా ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ తరవాత తెలిసింది. అవే డబ్బాలు తాగినా పైకి ఏ జబ్బూ కనిపించని పిల్లలను కొన్నేళ్ళ తరవాత టెల్ అవీవ్ పరిశోధకులు పరీక్షించారు. బడి ఈడుకు వచ్చిన వాళ్ళలో దాదాపు అందరికీ భాషలో ఇబ్బంది ఉంది. వాక్యం కూర్చుకోవడం, తెలిసిన వస్తువు పేరు గుర్తుకు తెచ్చుకోవడం కష్టమవుతోంది. పసితనంలో కొన్ని వారాల లోటు అయిదారేళ్ళకు మాట దగ్గర బయటపడింది.

ఈ ఫలితాన్ని మన డెల్టాకు తెచ్చి చూస్తే గుండె బరువెక్కుతుంది. చనిపోయిన బిడ్డలను ఐక్రాయిడ్ లెక్కపెట్టాడు. బతికి బయటపడి, ఆలస్యంగా నడిచి, మాట సరిగా రాక, "మొద్దబ్బాయి" అనిపించుకున్న పిల్లలను ఎవరూ లెక్కపెట్టలేదు.

మన దేశంలో ఇప్పటికీ ఈ జబ్బు ఉంది. శ్రీనగర్‌లోని షేర్-ఇ-కశ్మీర్ వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు గత దశాబ్దంలో తీవ్రస్థితిలో వచ్చిన పసిపిల్లలకు థయామిన్ ఇస్తే కోలుకోవడం చూసి వివరంగా రాశారు. అక్కడా తల్లుల తిండి బాగా కడిగి వండిన తెల్లన్నం, బాలింత కట్టడి. అస్సాంలోని మకుంద ఆసుపత్రి వైద్యులూ తమ దగ్గరికి వచ్చేవారిలో దీన్ని మళ్ళీ గుర్తించారు. మన జిల్లాల్లో తిండి మారింది. పప్పు, గుడ్డు, చేప, కూర కంచంలోకి వచ్చాయి. అందుకే జబ్బు వెనక్కి తగ్గింది. బియ్యం మాత్రం తాతల కాలం కన్నా తెల్లగా ఉంటోంది. బలవర్ధక బియ్యంలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 తప్పనిసరి. ఆహార భద్రత సంస్థ నిబంధనల్లో బి1 కలపడం ఐచ్ఛికమే. ఒకనాడు ఈ తీరంలో బిడ్డలను తీసుకుపోయిన లోటు ఆ విటమిన్‌దే కాబట్టి, తప్పనిసరి జాబితాలో దానికి చోటు ఇవ్వాలి.

తల్లి మాటే మొదటి పరీక్ష

ఇవాళ తణుకులోనో తాడేపల్లిగూడెంలోనో ఏలూరులోనో ఒక తల్లి బిడ్డను ఒళ్ళో పెట్టుకుని డాక్టరు ముందు కూర్చుని ఉంటుంది. "ఏదో తేడాగా ఉందండీ" అంటుంది. ఏమిటా తేడా అంటే చెప్పలేదు. రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయి. ఇంట్లో వాళ్ళు "మీ ఆయన కూడా ఆలస్యంగానే మాట్లాడాడు" అంటారు. ఆమె బిడ్డకు ఉన్నది థయామిన్ లోటు కాకపోవచ్చు. థైరాయిడ్ లోపం కావచ్చు, జీవక్రియల్లో పుట్టుకతో వచ్చిన లోపం కావచ్చు, వినికిడి సమస్య కావచ్చు, ఆటిజం కావచ్చు. వీటిలో కొన్నింటికి వేళ మించకముందే తెలిస్తే మందు ఉంది. మిగతావాటికి శిక్షణ ఉంది.

2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత పరీక్షలున్నాయి. అంగన్‌వాడీ పిల్లలను ఏటా రెండుసార్లు చూడాలి. అనుమానం వస్తే జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. తల్లీబిడ్డల కార్డులో ఏ నెలకు ఏం చేయాలో బొమ్మలతో సహా ఉంటుంది. నాలుగు నెలలకు మెడ నిలబడకపోయినా, ఎనిమిది నెలలకు కూర్చోకపోయినా, ఏడాదిన్నరకు నడవకపోయినా, రెండేళ్ళకు రెండు మాటలు కలపకపోయినా ఆగకండి. వచ్చిన మాట, వచ్చిన నడక పోతే ఒక్కరోజు కూడా ఆగకండి. పసిబిడ్డ ఏడుపు బొంగురుపోయినా, పాలు మానేసి ఆయాసపడినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళండి. తల్లి ఏం తింటోందో, ఆమెకు తిమ్మిర్లున్నాయో లేదో డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి.

పెద్దవాళ్ళకు ఒక మాట. బాలింతకు పథ్యం పేరుతో కంచం ఖాళీ చేయకండి. పప్పు పెట్టండి, వేరుశెనగ పెట్టండి, గుడ్డో చేపో తినే ఇల్లయితే అదీ పెట్టండి. బియ్యం తక్కువ పాలిష్‌వి తెచ్చుకోండి, ఎక్కువసార్లు కడగకండి, గంజి పారబోయకండి.

వైద్యులకు ఒక విన్నపం. పరీక్షలకు అంతు చిక్కని బిడ్డ వచ్చినప్పుడు తల్లి చెప్పేది చివరిదాకా వినండి, రాసుకోండి. ఈ తీరంలో ఎందరో తల్లులు తమ కాళ్ళ తిమ్మిర్ల గురించి చెప్పే ఉంటారు. వినేవారు ఉండి ఉంటే వాళ్ళ బిడ్డలు బతికేవారు.